కాపీ మధ్యలో తెగిపోయే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్: తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేసే పద్ధతి

"అన్నా, కాపీ సగంలో ఆగిపోతా ఉంది. టింగ్ మని సౌండొచ్చి డ్రైవు మాయమైపోయి, మళ్ళీ దానంతటదే వస్తా ఉంది." నెల్లూరు, కావలి, ఒంగోలులోని ఫొటో స్టూడియోల వాళ్ళూ, రోజూ రాత్రి బిల్లింగ్ బ్యాకప్ తీసుకునే దుకాణాల వాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. చాలామంది వెంటనే ఫార్మాట్ కొట్టేస్తారు, లేదా డ్రైవు పోయిందని కొత్తది కొనేస్తారు. కొత్త డ్రైవు కూడా అదే కేబుల్‌తో, అదే పోర్టులో పెట్టాక మళ్ళీ తెగిపోతుంది.

తెగిపోవడం వెనక ఉండేవి మూడే మూడు. డ్రైవుకు కరెంటు చాలకపోవడం ఒకటి. కరెంటు ఉన్నా కంప్యూటర్‌కూ డ్రైవుకూ మధ్య సిగ్నల్ తెగిపోవడం రెండోది. రెండూ బాగున్నా డ్రైవే అడిగినదానికి సమయానికి పలకకపోవడం మూడోది. ఈ మూడింటిలో ఏదో తేల్చకుండా ఏ సెట్టింగూ మార్చవద్దు, ఏ వస్తువూ కొనవద్దు. తేల్చే పద్ధతి 3, 4 అంచెల్లో ఉంది.

1. ముందు డేటా బయటికి

డ్రైవులో ఉన్నది మరెక్కడా లేకపోతే, రిపేరు మాట పక్కన పెట్టి ముందు కాపీ తీయాలి. పెళ్ళి ఫుటేజీకి రెండో ముహూర్తం ఉండదు.

తెగిపోతున్న డ్రైవు నుంచి కాపీ తీసేటప్పుడు:

- డ్రైవును యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి. వేగం సెకనుకు 30 నుంచి 40 ఎంబీకి పడిపోతుంది కానీ చాలా డ్రైవులు అక్కడ నిలకడగా ఉంటాయి. అక్కడ డ్రైవు తిరగడానికే ఇబ్బంది పడితే, అడాప్టర్ ఉన్న హబ్ ద్వారా పెట్టండి.
- మొత్తం డ్రైవును ఒకేసారి లాగవద్దు. ఫోల్డర్ తర్వాత ఫోల్డర్, అత్యవసరమైనది ముందు.
- టెరాకాపీ లాంటి ప్రోగ్రాం వాడండి. మధ్యలో తెగినా మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు, చివర సరిచూసుకోవచ్చు కూడా.
- కట్ చేసి పేస్ట్ చేయవద్దు. కాపీ మాత్రమే.

చేయకూడనివి రెండు. "డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. కనెక్షన్ మధ్యలో తెగడం వల్ల కూడా విండోస్ అలా అడుగుతుంది, లోపల డేటా చెక్కుచెదరకుండా ఉండవచ్చు. రెండోది, డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రాం చెక్‌డిస్క్‌ను నడపవద్దు. అది ఫైల్ పట్టికలను తిరగరాస్తుంది. తిరగరాస్తుండగా డ్రైవు తెగిపోతే, అప్పటిదాకా బాగున్న ఫోల్డర్లు కూడా పోతాయి. కనెక్షన్ నిలకడ అయ్యాకే చెక్‌డిస్క్.

డ్రైవు లోపలి నుంచి టక్, టక్ మని ఒకే తాళంలో శబ్దం వస్తుంటే కేబులూ పోర్టూ ఒకసారి మార్చి చూడండి. కరెంటు చాలకపోయినా అలాంటి శబ్దమే వస్తుంది. మార్చినా ఆగకపోతే అక్కడితో ఆపేసి 11వ అంచె చదవండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- బాగుందని తెలిసిన ఇంకో కేబుల్, అదే రకం ప్లగ్గుతో, అర మీటరు లోపు పొడవు
- పాత ఆండ్రాయిడ్ ఫోనుల మైక్రో యూఎస్‌బీ డేటా కేబుల్
- వేరే కంప్యూటర్ లేదా లాప్‌టాప్, ఒక గంట అరువుకైనా చాలు
- క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం
- ఓల్టులు, ఆంపియర్లు చూపే చిన్న యూఎస్‌బీ మీటర్, దొరికితే
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్
- నోటు పుస్తకం, పెన్ను

చివరిది నిజంగా కావాలి. ఒక్కసారి ఒక్కటే మార్చి, ఏం మార్చారో, ఎన్ని గంటలకు తెగిందో రాసుకోవాలి. కేబులూ, పోర్టూ, సెట్టింగూ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

3. పవర్ ఆన్ కౌంట్ చూడండి

ఇది ఐదు నిమిషాల పని. అయినా దాదాపు ఎవరూ చేయరు.

హార్డ్ డిస్క్ తనకు ఎన్నిసార్లు కరెంటు వచ్చిందో తనలోనే లెక్క రాసుకుంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరిచి ఆ డ్రైవును ఎంచుకుంటే, కుడివైపు పైన "పవర్ ఆన్ కౌంట్" అని ఒక అంకె కనిపిస్తుంది.

1. డ్రైవును పెట్టి, ఆ అంకె రాసుకోండి. ఉదాహరణకు 412.
2. డ్రైవును పీకకుండా, 20 జీబీకి తగ్గని ఫోల్డర్ ఒకటి దాని మీది నుంచి కంప్యూటర్‌లోకి కాపీ పెట్టండి.
3. తెగిపోయి మళ్ళీ వచ్చాక, ఏమీ కదపకుండా ప్రోగ్రాంలో రిఫ్రెష్ నొక్కి అంకె చూడండి.

అంకె 413 అయితే డ్రైవుకు కరెంటు నిజంగానే పోయి వచ్చింది. కేబుల్‌లోని పవర్ తీగ, పోర్టు, అడాప్టర్, ప్లగ్గు లూజు: వీటిలోనే వెతకాలి.

అంకె 412 దగ్గరే ఉంటే కరెంటు పోలేదు, సిగ్నల్ తెగింది లేదా డ్రైవు పలకలేదు. అప్పుడు అడాప్టర్ మార్చి ఉపయోగం లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. "స్టార్ట్ స్టాప్ కౌంట్" అనే ఇంకో అంకె ఉంటుంది, డ్రైవు నిద్రపోయి లేచినా అది పెరుగుతుంది కాబట్టి దాన్ని పట్టించుకోవద్దు. కాపీ ఏమీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు తెగి, పవర్ ఆన్ కౌంట్ పెరిగితే మాత్రం కేబుల్‌ను అప్పుడే తప్పు పట్టకండి. కొన్ని ఎన్‌క్లోజర్ల (డ్రైవును పెట్టే బయటి డబ్బాల) బోర్డులు కంప్యూటర్ నిద్రపుచ్చినప్పుడు డ్రైవుకు కరెంటు కూడా ఆపేస్తాయి. అలాంటప్పుడు ముందు 8వ అంచె.

అదే పేజీలో ఈ వరుసలు కూడా రాసుకోండి. అంకెలు అర్థం కాని అక్షరాలతో ఉంటే, ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ దగ్గర 10 డెసిమల్ ఎంచుకోండి.

- 05, రీఅలొకేటెడ్ సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు): చెడిపోయి పక్కకు మార్చినవి
- సీ5, కరెంట్ పెండింగ్ సెక్టార్లు: చదవలేక అనుమానంలో పెట్టినవి
- సీ6, అన్‌కరెక్టబుల్ సెక్టార్లు: సరిచేయలేకపోయినవి
- సీ7, సీఆర్‌సీ ఎర్రర్లు: ఎన్‌క్లోజర్ బోర్డుకూ డ్రైవుకూ మధ్య పాడైన సిగ్నళ్ళు
- సీ2, ఉష్ణోగ్రత

సీ5 సున్నా కాకపోతే, ముఖ్యంగా రోజురోజుకూ పెరుగుతుంటే, అది డ్రైవు జబ్బు. కేబుల్ మార్చి ప్రయోజనం లేదు. సీ7 మాత్రమే పెరుగుతుంటే డ్రైవు బాగుంది, ఎన్‌క్లోజర్ లోపలి కనెక్టరు బాగాలేదు.

4. విండోస్ ఏం రాసుకుందో చదవండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, సిస్టమ్. కుడివైపు "ఫిల్టర్ కరెంట్ లాగ్" నొక్కి, ఈవెంట్ ఐడీ గడిలో 7, 11, 51, 129, 153, 157 అని కామాలతో కొట్టండి. వచ్చిన వరుసల టైమును మీ నోటు పుస్తకంలోని టైముతో పోల్చండి.

- 157: చెప్పకుండా డ్రైవు పీకేశారని విండోస్ అనుకుంది. కరెంటు పోయినా, ప్లగ్గు కదిలినా ఇదే.
- 129: డ్రైవు జవాబివ్వకపోతే విండోస్ రీసెట్ కొట్టింది. సోర్స్ దగ్గర యూఏఎస్‌పీ స్టోర్ అని ఉంటే 10వ అంచె చూడండి.
- 153: అడిగిన పని మొదటిసారి జరగక మళ్ళీ అడగాల్సి వచ్చింది. రోజుకొకటి అయితే కంగారు లేదు, నిమిషానికి పది అయితే ఉంది.
- 7: బ్యాడ్ బ్లాక్. డ్రైవు లోపల తిరిగే పళ్ళెం మీదే తప్పు.
- 11, 51: చదవడంలో, రాయడంలో లోపం. ఇవి ఒంటరిగా ఏమీ తేల్చవు, పక్కన ఏ నంబరు ఉందో చూడాలి.

లినక్స్ వాడేవాళ్ళకు కెర్నెల్ లాగ్ ఇంకా సూటిగా చెబుతుంది. "రీసెట్" అని వచ్చి డివైస్ నంబరు మారకపోతే డ్రైవు పలకలేదు లేదా సిగ్నల్ చెడింది. "డిస్కనెక్ట్" అని వచ్చి వెంటనే కొత్త నంబరుతో కనిపిస్తే కరెంటో, ప్లగ్గో. "ఓవర్ కరెంట్" అని వస్తే పోర్టు తానే రక్షణగా కరెంటు ఆపేసింది.

5. కేబుల్

అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. మార్చడానికి చవకైనది కూడా ఇదే. అందుకే లెక్కలతో సహా చెబుతున్నాం.

చిన్న 2.5 అంగుళాల డ్రైవు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు 1 ఆంపియర్ లాగుతుంది, తర్వాత చదివేటప్పుడు, రాసేటప్పుడు అర ఆంపియర్ దరిదాపుల్లో ఉంటుంది. ఇలాంటి డ్రైవులకు చాలావాటికి 5 ఓల్టుల మీద 5 శాతం వరకే తేడా పనికొస్తుంది. అంటే 4.75 ఓల్టుల కంటే కిందికి దిగకూడదు.

చవక కేబుళ్ళలో పవర్ తీగ 28 గేజ్ ఉంటుంది. మీటరు పొడవున్న అలాంటి కేబుల్‌లో పోయేదీ వచ్చేదీ కలిపి 0.42 ఓమ్‌ల నిరోధం. 0.9 ఆంపియర్ పారితే 0.38 ఓల్టులు తీగలోనే పోతాయి, డ్రైవు దగ్గరికి చేరేది 4.6 మాత్రమే. అదే మీటరు పొడవులో 24 గేజ్ తీగ అయితే పోయేది 0.15 ఓల్టులే. 28 గేజే అయినా 30 సెంటీమీటర్లు ఉంటే 0.12 దాటదు. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. డ్రైవుతోపాటు డబ్బాలో వచ్చిన కేబుల్ అంత పొట్టిగా ఉండటానికి కారణం ఇదే. బల్ల మీదికి అందడం లేదని మీటరున్నర కేబుల్ కొనడమే చాలాచోట్ల జబ్బుకు మొదలు.

పరీక్షించే వరుస:

1. పొట్టి కేబుల్‌తో అదే పోర్టులో అదే ఫోల్డర్ కాపీ పెట్టండి. ఆగకుండా పూర్తయితే పాత కేబుల్‌ను కత్తిరించి పారేయండి. డ్రాయర్‌లో ఉంచితే మళ్ళీ ఎవరో వాడతారు.
2. డ్రైవుకున్నది వెడల్పాటి మైక్రో బీ సాకెట్ అయితే, దాని పెద్ద గడిలో పాత ఫోను మైక్రో యూఎస్‌బీ కేబుల్ పడుతుంది. అలా పెడితే డ్రైవు యూఎస్‌బీ 2.0 లో నడుస్తుంది. అప్పుడు తెగడం ఆగితే, పాడైంది వేగంగా నడిచే అదనపు ఐదు పిన్నుల వైపు: కేబులో, సాకెట్టో. ఫోను కేబుల్ కూడా సన్నదైతే డ్రైవు అసలు తిరగకపోవచ్చు, అది చూసి డ్రైవు పోయిందనుకోవద్దు.
3. కాపీ ఏదీ నడవనప్పుడు ప్లగ్గును మాత్రమే వేలితో మెల్లగా పైకీ కిందికీ తాకండి. డ్రైవును కదపవద్దు, లోపల పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. తాకగానే తెగితే సాకెట్ టంకం విడిపోయింది. సెల్‌ఫోన్ బోర్డులు చేసే చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా మళ్ళీ టంకం వేయగలరు.

ఇంకో గుర్తు. కాపీ నడుస్తున్నంతసేపూ వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంటే, ఆ కేబుల్‌కు షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు పొర) సరిగా లేదన్న అనుమానం బలపడుతుంది. యూఎస్‌బీ 3.0 సిగ్నల్ రొద 2.4 గిగాహెర్ట్జ్ దాకా పాకుతుంది, మౌస్ పనిచేసేది కూడా అక్కడే. మౌస్ రిసీవర్‌ను డ్రైవుకు దూరంగా ఉన్న పోర్టులో పెడితే ఆ ఇబ్బంది పోతుంది.

సీ టైపు నుంచి మామూలు యూఎస్‌బీకి మార్చే చిన్న కన్వర్టర్లు వాడుతుంటే, పరీక్ష అయ్యేవరకు వాటిని పక్కన పెట్టండి.

6. పోర్టూ హబ్బూ

నియమం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలి. చాలా కంప్యూటర్లు అంతకంటే కొంచెం ఎక్కువే ఇస్తాయి కాబట్టి డ్రైవులు నడుస్తున్నాయి. ఇవ్వని చోట తెగిపోతున్నాయి.

- డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టులు వద్దు. అవి లోపల ఇంకో పొడవాటి తీగ ద్వారా మదర్‌బోర్డుకు కలుస్తాయి. వెనక, బోర్డుకే అతికి ఉన్న పోర్టులో పెట్టండి.
- కరెంటు అడాప్టర్ లేని హబ్ అన్ని పోర్టులకూ కలిపి ఒకే పోర్టు కరెంటును పంచుతుంది. దానిమీద డ్రైవు పెట్టవద్దు. కార్డ్ రీడరూ డ్రైవూ ఒకే హబ్ మీద పెట్టి కార్డు ఖాళీ చేయడం స్టూడియోల్లో మామూలు. తెగడానికి అంతకంటే అనువైన అమరిక ఇంకొకటి లేదు.
- హబ్ తప్పదంటే 5 ఓల్టులు, కనీసం 3 ఆంపియర్ల అడాప్టర్ ఉన్నది తీసుకోండి. రెండు డ్రైవులు ఒకేసారి అయితే 4 ఆంపియర్లు.
- టీవీకి పెడుతుంటే పోర్టు పక్కన హెచ్‌డీడీ అనో, 1 ఆంపియర్ అనో రాసి ఉన్నదాంట్లోనే పెట్టండి.

యూఎస్‌బీ మీటర్ ఉంటే డ్రైవుకూ కేబుల్‌కూ మధ్య కాకుండా, పోర్టు దగ్గరే పెట్టి చూడండి. కాపీ నడుస్తుండగా అక్కడ 4.9 కంటే ఎక్కువ ఉంటే పోర్టు బాగుంది. 4.75 కు దిగితే ఆ పోర్టును నమ్మవద్దు. మీటర్ కూడా కొంత నిరోధం కలుపుతుంది, పరీక్ష కాగానే తీసేయండి.

7. సొంత అడాప్టర్ ఉన్న పెద్ద డ్రైవులు, ఇన్వర్టర్, ఎర్త్

3.5 అంగుళాల డ్రైవుకు 12 ఓల్టులు కావాలి. అది తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 ఓల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత అడాప్టర్ పోయిందని వైఫై రౌటర్ అడాప్టర్ పెట్టేవాళ్ళు చాలామంది. ప్లగ్గు సరిపోతుంది, కానీ దానిమీద 1 ఆంపియర్ అని ఉంటుంది. అడాప్టర్ మీద 12 ఓల్టులు, 2 ఆంపియర్లు, ప్లగ్గు మధ్య పిన్ను ప్లస్ అని ఉందో లేదో చదివి పెట్టండి.

అడాప్టర్‌కూ వయసు ఉంటుంది. లోపలి కెపాసిటర్లు ఎండిపోతే ఊరికే ఉన్నప్పుడు మీటరు 12 చూపిస్తుంది, డ్రైవు పని మొదలుపెట్టగానే పడిపోతుంది. కాబట్టి లోడ్ లేకుండా కొలిచి బాగుందనుకోవద్దు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారే క్షణంలోనే తెగుతుంటే ఇన్వర్టర్ వెనక చూడండి. చాలావాటికి నార్మల్, యూపీఎస్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో మారడానికి సమయం ఎక్కువ పడుతుంది. యూపీఎస్ వైపు పెట్టండి. రొయ్యల చెరువుల ఊళ్ళలో జనరేటర్‌కూ లైనుకూ రోజుకు పలుమార్లు మారుతుంటారు. అలాంటిచోట డ్రైవు అడాప్టరూ కంప్యూటరూ రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. కంప్యూటర్ యూపీఎస్ మీద, డ్రైవు గోడ ప్లగ్గులో ఉంటే, కంప్యూటర్ ఆగదు కానీ డ్రైవు తెగుతుంది.

లో ఓల్టేజీని మాత్రం తొందరపడి తప్పు పట్టకండి. అడాప్టర్ మీద 100 నుంచి 240 అని రాసి ఉంటే 170 ఓల్టుల్లోనూ అది బాగానే నడుస్తుంది.

బోరు మోటారో, గ్రైండరో, ఫ్రిజ్జో ఆన్ అయిన క్షణంలో తెగితే అనుమానం ఎర్త్ మీదికి పోవాలి. కంప్యూటర్ క్యాబినెట్‌ను తాకితే జివ్వుమంటుంటే అనుమానమే అక్కర్లేదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో పెట్టినా, ఎర్త్ గుంత ఎండిపోయినా క్యాబినెట్ మీద సగం ఓల్టేజీ దాకా తేలుతుంది. అది యూఎస్‌బీ కేబుల్ షీల్డ్ గుండా డ్రైవులోకి దారి చూసుకుంటుంది. కనిగిరి, పొదిలి వైపు రాతినేలల్లో వేసవికి ఎర్త్ గుంతలో తడి ఆరిపోతుంది, నీళ్ళు పోయిస్తూ ఉండాలి. ఎర్త్ కొలిచే పని ఎలక్ట్రీషియన్‌దే. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంతే రావాలని అడగండి. ఎర్త్ సరయ్యేదాకా రెండు యంత్రాలూ ఆపి ఉన్నప్పుడే యూఎస్‌బీ కేబుల్ పెట్టండి, తీయండి.

8. విండోస్ నిద్రపుచ్చే సెట్టింగులు

కాపీ నడుస్తుండగా తెగేదానికి ఈ సెట్టింగులతో దాదాపు సంబంధం లేదు. ఐదు, పది నిమిషాలు ఊరికే ఉంచి తిరిగొచ్చి చూస్తే డ్రైవు లేకపోతే ఇక్కడ చూడాలి.

1. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్.
2. యూఎస్‌బీ సెట్టింగ్స్ కింద "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" ను డిజేబుల్డ్ చేయండి.
3. హార్డ్ డిస్క్ కింద "టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్" ను 0 చేయండి.
4. డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ తెరిచి, ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ మీద డబుల్ క్లిక్. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు" అనే అర్థం వచ్చే టిక్కు తీసేయండి.
5. రీస్టార్ట్.

కొత్త లాప్‌టాప్‌లలో 2, 3 కనిపించకపోవచ్చు. 4 చేస్తే చాలు.

9. ఎండ, ఉప్పుగాలి, రాతిపొడి

చాలా పోర్టబుల్ డ్రైవులు 35 డిగ్రీల గది వరకే అని తయారీదారులు రాస్తారు. మే నెలలో మన గదులు దాన్ని దాటేస్తాయి. డ్రైవు లోపలి వేడి గది కంటే ఇంకా పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. సీ2 దగ్గర 45 లోపు ఉంటే నిశ్చింత, 50 దాటితే కాపీ ఆపి చల్లారనివ్వాలి, 60 చాలా డ్రైవులకు హద్దు. డ్రైవుకంటే ముందే ఎన్‌క్లోజర్ బోర్డు మీది చిప్పు వేడెక్కి రీసెట్ కొట్టడం కూడా ఉంది. మొదటి అరగంట బాగా నడిచి తర్వాత తెగుతూ, చల్లారాక మళ్ళీ అరగంట బాగుంటే అది ఇదే. డ్రైవును ఫ్యాను కింద గట్టి బల్ల మీద పెట్టండి. పరుపు మీద, గుడ్డ పౌచ్‌లో, లాప్‌టాప్ వేడిగాలి వచ్చే పక్క పెట్టవద్దు.

కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం లాంటి తీరపు ఊళ్ళలో పిన్నుల మీద ఉప్పు పేరుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఆ ఉప్పు తేమ పీల్చుకుని పిన్నులను తినేస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల సన్నటి రాతిపొడి సాకెట్లలో చేరి ప్లగ్గును పూర్తిగా కూర్చోనివ్వదు. రెండింటికీ ఒకే వైద్యం:

- అన్నీ ఆపి, కేబుల్ తీసి, సాకెట్‌ను కిందికి వంచి బ్రష్‌తో పొడి దులపండి. నోటితో ఊదవద్దు, ఉమ్మి తేమ లోపలికి పోతుంది.
- బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, విదిలించి, పిన్నుల మీద రుద్దండి. కేబుల్ రెండు చివర్లూ, కంప్యూటర్ పోర్టూ కూడా.
- పావుగంట ఆరనిచ్చి కేబుల్‌ను నాలుగైదు సార్లు పెట్టి తీయండి.
- చేతుల శానిటైజర్ వాడవద్దు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, పొర కడుతుంది.

ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చిన డ్రైవును అరగంట అలాగే ఉంచి తర్వాత పెట్టండి.

10. పవరూ కేబులూ బాగున్నా తెగుతుంటే

రెండు కారణాలు మిగులుతాయి.

మొదటిది యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతి. కొన్ని ఎన్‌క్లోజర్ల చిప్పులు అందులో నడుస్తామని చెబుతాయి కానీ భారం పడగానే తడబడతాయి. 129 నంబరు, సోర్స్ యూఏఎస్‌పీ స్టోర్ అని కనిపించేది వీటికే. డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్స్ కింద "యూఎస్‌బీ అటాచ్డ్ స్కజీ" అని ఉన్నదాని మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, "బ్రౌజ్ మై కంప్యూటర్", "లెట్ మీ పిక్" నొక్కి, జాబితాలో "యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైస్" ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. వేగం కొంచెం తగ్గుతుంది, నిలకడ వస్తుంది. అంతకంటే ముందు ఎన్‌క్లోజర్ తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ (బోర్డు లోపలి ప్రోగ్రాం) ఇచ్చారేమో చూడండి. ఫర్మ్‌వేర్ మార్చేముందు డేటా కాపీ ఉండి తీరాలి.

రెండోది ఎస్ఎంఆర్ డ్రైవులు. చిన్న 2.5 అంగుళాల పెద్ద సామర్థ్యపు డ్రైవులు చాలావరకు ఈ రకమే. ఇందులో ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి వాలి ఉంటాయి, ఒకచోట రాయాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. అందుకే ముందు తాత్కాలిక చోటులో రాసి, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటాయి. 300 జీబీ ఫుటేజీ ఏకధాటిగా పోస్తే ఆ చోటు నిండిపోయి, వేగం సెకనుకు ఐదారు ఎంబీకి పడిపోతుంది. ఒక్కోసారి కాసేపు పలకదు కూడా. కంప్యూటర్ ఓపిక నశించి రీసెట్ కొడుతుంది. ఇది చెడిపోవడం కాదు, ఆ రకపు స్వభావం. 50, 60 జీబీ చొప్పున పోసి, మధ్యలో పావుగంట డ్రైవును ప్లగ్గులోనే ఊరికే వదిలేయండి. వేలకొద్దీ చిన్న ఫొటోలను ముందు ఒకే జిప్ చేసి పంపండి. నేరుగా ఎడిటింగ్ చేయడానికి మాత్రం ఈ రకం డ్రైవు వద్దు, దానికి ఎస్ఎస్‌డీ పెట్టుకోవాలి.

11. డబ్బా విప్పాలా?

వారంటీ ఉంటే వద్దు. వారంటీ లేకపోయినా, విప్పేముందు ఒక సంగతి తెలుసుకోండి. చాలా బ్రాండెడ్ పోర్టబుల్ డ్రైవుల్లో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డ్రైవు బోర్డు మీదే ఉంటుంది, లోపల కంప్యూటర్‌కు నేరుగా కలిపే సాటా పిన్నులు ఉండవు. కొన్నింటిలో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డు డేటాను తాళం వేసి రాస్తుంది. బోర్డు మారిస్తే డ్రైవు కనిపిస్తుంది, డేటా చదవరాదు.

విడిగా కొన్న ఎన్‌క్లోజర్‌లో వేసుకున్న డ్రైవు అయితే నిర్భయంగా విప్పండి. డ్రైవును తీసి డెస్క్‌టాప్‌లో నేరుగా సాటా కేబుల్‌తో పెట్టి అదే ఫోల్డర్ కాపీ చేయండి. తెగకపోతే ఎన్‌క్లోజర్ మార్చండి. అక్కడా తెగితే డ్రైవే.

టక్ టక్ శబ్దం, సీ5 పెరగడం, 7 నంబరు వరుసగా రావడం: వీటిలో ఏ ఒకటి ఉన్నా, లోపల తిరిగి తేలేని డేటా ఉంటే, డ్రైవును ఆపేసి డేటా రికవరీ వాళ్ళకు ఇవ్వండి. శబ్దం లేకుండా సీ5 మాత్రమే ఉంటే, లినక్స్ తెలిసినవాళ్ళు డీడీ రెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డ్రైవును ఇంకో డ్రైవులోకి ఎత్తుకోవచ్చు. అది బాగున్న భాగాలను ముందు తీసి, చెడ్డ భాగాల దగ్గరికి తర్వాత వస్తుంది. డ్రైవును ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినవద్దు, లోపల తేమ చేరుతుంది.

12. సరైందని తేల్చుకునే పరీక్ష

అరగంట బాగుంటే సరైపోయినట్టు కాదు. అప్పుడప్పుడూ వచ్చే తప్పు అప్పుడప్పుడూ దాక్కుంటుంది కూడా.

- పవర్ ఆన్ కౌంట్, 05, సీ5, సీ7 అంకెలు తేదీతో రాసుకోండి
- 50 జీబీ ఫోల్డర్‌ను కంప్యూటర్ నుంచి డ్రైవుకు పంపండి
- దాన్నే డ్రైవు నుంచి ఇంకో పేరుతో వెనక్కి తెండి
- 7-జిప్ ఉంటే రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 అనే సరిచూపు సంఖ్య తీయండి. రెండింటికీ "డేటా" అని వచ్చిన వరుస ఒకటే కావాలి
- డ్రైవును రెండు గంటలు ఊరికే ఉంచి, ఒక ఫైలు తెరవండి
- ఈవెంట్ వ్యూయర్‌లో ఆ టైముకు 129, 153, 157 ఉన్నాయేమో చూడండి
- ఇదే మూడు రోజులు, ఒకరోజు మధ్యాహ్నం ఎండవేళ కూడా

మూడు రోజుల తర్వాత డ్రైవును పీకకుండానే అంకెలు మళ్ళీ చూడండి. కంప్యూటర్‌ను ఆపి వేసిన ప్రతిసారీ పవర్ ఆన్ కౌంట్ ఒకటి పెరగడం మామూలే, వాటిని తీసేసి లెక్క వేయండి. మిగిలిన అంకెలేవీ కదలకపోతే, ఇప్పుడు చెక్‌డిస్క్ నడపవచ్చు. అది తప్పులేవీ లేవని చెప్పాక డ్రైవును మళ్ళీ పనిలో పెట్టండి, 1వ అంచెలో తీసిన కాపీని మాత్రం చెరపకండి.